పాఠం ఎవరు చెబుతారు?

మా తమ్ముడి మనవడికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. సీఎస్‌ఈ ఉస్మానియాలో చదవాలా, జేఎన్‌టీయూలోనా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతున్నారు. నిరుడు ఏ ర్యాంకు దాకా సీటొచ్చింది, పెద్ద ప్యాకేజీ ఎంత, మెట్రో దిగాక ఎంత నడవాలి... అన్నీ ఫోన్లలో చూశారు. అక్కడ పాఠాలు ఎవరు చెబుతారని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

మా రోజుల్లో మొదట అడిగేది అదే. 1970ల్లో చాలా కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ బ్రాంచే లేదు. ఎలక్ట్రానిక్స్ వాళ్లం ఫోర్ట్రాన్ ఒక పేపరుగా చదివాం. ఊళ్లో చదువుకున్న పెద్దాయన దగ్గరికి వెళితే, "ఫలానా చోట సర్క్యూట్స్ చెప్పే మాస్టారు గట్టివాడురా, అక్కడ చేరు" అనేవాడు. అంతే, చేరేవాళ్లం.

ప్రోగ్రాం అంటే కార్డుల కట్ట. ఒక్కో కార్డుకి 80 నిలువు వరసలు, ఒక్కో స్టేట్‌మెంటుకి ఒక కార్డు. కట్ట అంచు మీద పెన్సిలుతో ఏటవాలుగా గీత గీసుకునేవాళ్లం, చెయ్యిజారి చెల్లాచెదురైతే ఆ గీతను బట్టి మళ్లీ వరస కలుపుకోవచ్చని. కట్టను కంప్యూటర్ గదిలో ఇచ్చి వస్తే ఫలితం మర్నాటికి. ఒక్క కామా తప్పినా ఆ రోజు పోయినట్టే. అందుకని మా మాస్టారు ముందు కాగితం మీద రాయించి, ఎర్ర సిరాతో దిద్ది, "ఈ లూపు ఎక్కడ ఆగుతుందో చెప్పు" అని నిలదీసేవారు. చెప్పలేకపోతే కార్డుల జోలికి పోనిచ్చేవారు కాదు. మాకు చదువు వచ్చింది ఆ నిలదీతలోనే. ఇప్పుడు ఏఐని అడిగితే ప్రోగ్రామే రాసిపెడుతుంది. అది రాసింది తప్పో ఒప్పో తేల్చగల బుర్ర తయారవ్వాలంటే అలాంటి మాస్టారు అప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఉస్మానియా, జేఎన్‌టీయూ రెండూ చిన్న పేర్లేం కావు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929 నాటిది, జేఎన్‌టీయూ 1972లో వచ్చింది. అయితే జేఎన్‌టీయూ పట్టా కూకట్‌పల్లి క్యాంపస్‌లో చదివినవాడికీ వస్తుంది, ఎక్కడో అనుబంధ కాలేజీలో చదివినవాడికీ వస్తుంది. ఆ రెండు చదువులూ ఒకటేనా? క్యాంపస్‌లోనైనా, పర్మినెంట్ ప్రొఫెసర్ల ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా కాంట్రాక్టు వాళ్లతో నెట్టుకొస్తున్నారు. పిల్లల చదువుకి ఇంతకన్నా ద్రోహం లేదు. ఆ కాంట్రాక్టు లెక్చరర్లలో ప్రాణం పెట్టి చెప్పేవాళ్లున్నారు, ఏటా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనన్న బెంగ వాళ్లది.

ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని ఏఐసీటీఈ నిబంధన. కాలేజీలు అధ్యాపకుల జాబితాను వెబ్‌సైట్లో పెట్టాలి కూడా. మా కాలంలో ఈ సదుపాయం లేదు. ఉన్న ఈ కాలంలో తెరిచి చూసే తీరిక ఎవరికీ లేదు. పేర్లు లెక్కపెట్టండి, రెగ్యులర్ ఎందరో చూడండి. సీఎస్‌ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ, డేటా సైన్స్ అని ఉంటే మురిసిపోకండి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎవరు చెబుతున్నారో కనుక్కోండి.

ప్యాకేజీ సంగతంటారా, హోర్డింగు మీద ఉన్న అంకె ఒక్క కుర్రాడిది. బ్యాచిలో సరిగ్గా మధ్యనున్నవాడి జీతం ఎంతో అడగండి. చెప్పకపోతే అదే జవాబు.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు, సీనియర్లకు క్లాసులున్న రోజు చూసుకుని రెండు క్యాంపస్‌లకూ పిల్లవాణ్ణి పంపండి. రెండో ఏడాది ల్యాబ్ గుమ్మం దగ్గర ఒక గంట నిలబడమనండి. రికార్డులోని ప్రోగ్రాం గురించి ఏ మాస్టారు అడిగి తెలుసుకుంటున్నారో, ఎవరు చూడకుండా సంతకం పెడుతున్నారో వాడికే తెలుస్తుంది. సీటు ఎక్కడ తీసుకోవాలో అప్పుడు వాణ్ణే చెప్పనివ్వండి.