విమానం సులువే, పార్కింగే కష్టం

పాల్వంచకు విమానాశ్రయం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. జాబితాలో ఉంది. రాష్ట్రం కావాలని అడిగిన ఆరు విమానాశ్రయాల్లో మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, మహబూబ్‌నగర్ పేర్ల పక్కన మన ఊరి పేరు కూడా దర్జాగా కూర్చుంది. అధికారులు వచ్చారు, చూశారు, వెళ్ళారు. చూసే స్థలం మెల్లగా కొత్తగూడెం వైపు జరిగింది. 2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం పచ్చజెండా ఊపింది. మనవాళ్ళు పేపర్లో ఆ వార్త చదివి, పేపరు మడిచి, శంషాబాద్ వెళ్ళడానికి కిరాయి కారు మాట్లాడుకున్నారు.

ఇక్కణ్ణుంచి అమెరికా వెళ్ళాలంటే ముందు ఖమ్మం వెళ్ళాలి. తర్వాత సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్, ఔటర్ రింగు రోడ్డు. దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు. విమానం తెల్లవారుజామునైతే బండి ముందురోజు మధ్యాహ్నమే కదలాలి. పెద్దమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాలి. పెట్టెలు మరోసారి కాటా మీద పెట్టి, అరకిలో ఎక్కువొచ్చిందని కారప్పొడి తీసి, మనసొప్పక మళ్ళీ పెట్టాలి. విమానం ఎక్కేది ఇద్దరు. సాగనంపడానికి బండెక్కేది తొమ్మిదిమంది. శంషాబాద్ గుమ్మం దగ్గర టికెట్ లేనివాళ్ళను లోపలికి రానివ్వరని ఆ తొమ్మిదిమందికీ తెలుసు. అయినా పోతారు. గుమ్మం దాకా రాని బంధువు బంధువేనా?

ఇదంతా మనకు అలవాటైన సంగతే. అసలు కథ అవతలి గట్టున ఉంది. ఎక్కించడానికి తొమ్మిదిమంది ఉన్నారు. దించుకోవడానికి పాపం ఒక్కడే.

పేర్లెందుకుగానీ, పాల్వంచలో వీధికొకటి చొప్పున ఉండే ఇంటి సంగతే ఇది. నాన్న కేటీపీఎస్ విద్యుత్ కేంద్రంలో రిటైరయ్యాడు. కొడుకు అమెరికాలో అర్కాన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఉన్నాడు. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు అది కొత్త చోటేమీ కాదు. ఆ ఊరికి దగ్గర్లోనే విమానాశ్రయం ఉంది. నిజంది, జాబితాలోది కాదు. కానీ దుబాయ్ నుంచి, దోహా నుంచి వచ్చే పెద్ద విమానాలు అక్కడ వాలవు. మధ్యలో ఇంకో విమానం మారాలి. "ఒక్కసారి మారడమే మా వల్ల కాదురా, రెండోసారంటే అసలే కాదు" అంది అమ్మ. దాంతో డల్లాస్ దాకా టికెట్ తీశారు. బెంటన్‌విల్ నుంచి డల్లాస్‌కు కారులో అయిదారు గంటలు. అంటే తల్లిదండ్రులు విమానమెక్కడానికి ఎంతసేపు కారులో కూర్చున్నారో, కొడుకు వాళ్ళను దించుకోవడానికీ అంతసేపే కూర్చోవాలి. ఏడు సముద్రాలు దాటి వెళ్ళినా పాల్వంచోడికి విమానాశ్రయం అయిదారు గంటల దూరంలోనే ఉంటుంది. దీన్ని అభివృద్ధి అనాలో కర్మ అనాలో పెద్దలే చెప్పాలి.

ఆ కొడుకు డల్లాస్ విమానాశ్రయానికి కారు తోలింది ఎన్నడూ లేదు. అది 1974లో తెరిచిన విమానాశ్రయం. విస్తీర్ణం 17,000 ఎకరాల పైమాటే. మన శంషాబాద్ లాంటివి మూడు పడతాయి. పేరు డల్లాస్ ఫోర్ట్‌వర్త్, ఉండేది ఆ రెండూళ్ళ మధ్య. ఇందులో మనకు ఆశ్చర్యమేమీ లేదు. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ భద్రాచలానికి 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంటే, టికెట్ కొనుక్కుని దిగుతున్నవాళ్ళం మనం.

లోపలికి పోతే ఏ, బీ, సీ, డీ, ఈ అని అయిదు టెర్మినళ్ళు. వాటి మధ్యలోంచి పెద్ద రోడ్డు. రోడ్డుకు ఈ చివరా ఆ చివరా టోల్‌గేట్లు. అక్కడి టోల్ లెక్క మన పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర రాటుదేలిన బుర్రకు కూడా ఎక్కదు. అరగంట లోపల ఉన్నవాడికి తక్కువ. ఎనిమిది నిమిషాల్లోపే బయటపడినవాడికి ఎక్కువ! అటు హైవే నుంచి ఇటు హైవేకు అడ్డదారిగా వాడుకుంటారని అలా పెట్టారట. న్యాయమే. కానీ దారి తప్పినవాడు కూడా ఎనిమిది నిమిషాల్లోపే అవతల తేలతాడు. టెర్మినల్ డీ కనబడినట్టే కనబడి వెనక్కి పోతుంది. టోల్‌గేటు ఎదురొస్తుంది. డబ్బు కట్టి, బండి తిప్పి, మళ్ళీ లోపలికి. అమెరికాలో దారి తప్పడానికి కూడా రేటుంది.

సరిగ్గా ఈ సమయానికి పాల్వంచలో కంట్రోల్ రూమ్ మేలుకొని ఉంటుంది. బాబాయి, పిన్ని, మేనత్త, ఎదురింటి అంకుల్. నడిమధ్య ఒక ఫోను. అందులో ఫ్లైట్‌రాడార్. పసుపురంగు బుల్లి విమానం మంచు సముద్రాల మీదుగా చీమలా పాకుతుంటే, రాత్రంతా కళ్ళార్పకుండా చూసి దాన్ని వీళ్ళే నెట్టుకుంటూ డల్లాస్ చేర్చారు. దిగిందని తెలియగానే బాబాయి వాట్సాప్‌లో ఫోన్ కలిపాడు.

"ఎక్కడున్నవ్‌రా?"

"సెల్‌ఫోన్ లాట్‌లో ఉన్నా బాబాయ్. అందరూ ఇక్కడే ఆగాలి. వాళ్ళు బయటికొచ్చి ఫోన్ చేస్తే అప్పుడు టెర్మినల్ దగ్గరికి పోతా."

"ఫోన్ ఎట్ల చేస్తరు? అమ్మోళ్ళ ఫోన్ల సిమ్ము మన పాల్వంచదాయె!"

కొడుకు జవాబు చెప్పలేదు. ఆ ఏర్పాటంతా, చేతిలో పనిచేసే ఫోనున్న మనిషి దిగుతాడన్న నమ్మకం మీద కట్టింది. ఎయిర్‌పోర్టులో ఉచిత వైఫై ఉంది. దాన్ని పట్టాలంటే షరతులకు ఒప్పుకుంటున్నానని ఇంగ్లీషులో ఒక బొత్తాం నొక్కాలి. తెలియని బొత్తాం నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని ఆ కొడుకే తల్లిదండ్రులకు నేర్పించాడు. బాగా నేర్చుకున్నారు. నొక్కలేదు.

"అయితే నువ్వే లోపలికి పో. ఎవర్నన్నా అడుగు" అన్నాడు బాబాయి. ఆయన బతుకంతా అడిగి బతికిన మనిషి. పాల్వంచలో అడ్రసు చెప్పాలంటే నవభారత్, పెద్దమ్మ గుడి, లేదంటే కేటీపీఎస్ కూలింగ్ టవర్లు. ఏ మూల నిలబడ్డా కనబడేవి అవి. పాత ప్లాంటు టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టు 5న నేలకూల్చాక కూడా మనవాళ్ళు "టవర్లుండేవి చూడు, అక్కడ్నించి ఎడమకు" అనే చెబుతున్నారు. హైదరాబాద్ వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల నంబర్లతో పెళ్ళి హాలు దాకా తీసుకుపోతారు. అలాంటి మనిషి "పక్కన కిళ్ళీ కొట్టు ఏమన్నా ఉందేమో చూడరా" అంటే అది వెటకారం కాదు, నిఖార్సైన సలహా. దుఃఖమేమిటంటే, 17,000 ఎకరాల్లో అడగడానికి ఒక్క కిళ్ళీ కొట్టు లేదు. టెర్మినల్ ముందు బండి ఆపి దిగుదామంటే పోలీసు కదలమంటాడు. కదిలితే ఎటు పోతామో తెలియదు. తెలిసేసరికి టోల్‌గేటు వచ్చేస్తుంది.

ఇక లోపల అమ్మానాన్నల సంగతి. అమ్మకు వీల్‌చైర్ పెట్టించారు. కాళ్ళు బాగాలేక కాదు. భద్రాద్రి గుడి మెట్లు ఆవిడ మనవరాలి కంటే ముందు ఎక్కుతుంది. ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే ఆవిడ అవిటితనం. కుర్చీలో కూర్చుంటే నెట్టే మనిషి దారి చూపిస్తాడు, కాగితాలు చూపిస్తాడు, ఎక్కువసేపు వరసలో నిలబెట్టడు. ఈ కిటుకు తెలుగునాట ఇంటింటికీ తెలుసు. నిజంగా మోకాళ్ళు అరిగిన ముసలమ్మ ఆ వెనకే కుర్చీ ఎప్పుడొస్తుందా అని నిలబడి ఉంటుంది. ఆ సంగతి మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ రాదు.

ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతాడు. వేలిముద్రలు తీసుకుంటాడు. కోడలి కాన్పుకు వెళ్తున్నామని పాల్వంచలో కూరగాయల అమ్మాయి దాకా అందరికీ చెప్పిన అమ్మ, ఇక్కడ మాత్రం "ఊరు చూడ్డానికి" అని వల్లెవేసిన ముక్క అప్పజెప్పింది. ఆ తర్వాత పెట్టెల తనిఖీ.

కొడుక్కి దారి చెప్పడానికి తెగ ఆరాటపడిన కంట్రోల్ రూమ్, పెట్టె సర్దేటప్పుడు ఒక్క రూలు చదవలేదు. గసగసాలు దుబాయ్‌లో నేరం. మసాలాలో చెంచాడు వేసుకునే ఆ గింజల కోసం జైలుకెళ్ళినవాళ్ళున్నారు. నాటుకోడి పచ్చడికి అమెరికాలో ప్రవేశం లేదు. ఎంత గట్టిగా ప్యాక్ చేసినా, ఎంత నూనె పోసినా మాంసం మాంసమే. అన్నిటికంటే చిత్రం తలంబ్రాలు. శ్రీరామనవమి ముత్యాల తలంబ్రాలు అమ్మ భక్తిగా కొంగున కట్టినంత జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. ఖాప్రా అనే పురుగు భయంతో, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా 2011లోనే నిషేధించింది. ఆ దేశాల్లో మనదీ ఉంది. రాములవారి పెళ్ళి బియ్యమైనా, రేషన్ బియ్యమైనా పురుగు లెక్కలో ఒకటే. ఉన్నది ఉన్నట్టు చెబితే తీసుకుని చెత్తబుట్టలో వేసి పంపిస్తారు. దాస్తే జరిమానా. ఇప్పపువ్వు లడ్డూ చూపించి ఇదేమిటని అడిగితే, భద్రాచలం అడవి కథంతా తెలుగులో చెప్పడానికి నాన్న సిద్ధంగానే ఉన్నాడు. అడిగినవాడికే తీరిక లేకపోయింది.

ఇంతా జరిగి వాళ్ళు అరైవల్స్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కొడుకు అక్కడ లేడు. రెండోసారి టోల్ కడుతున్నాడు.

2010 నుంచి 2017 వరకు చూస్తే అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని, మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారని అక్కడి జనాభా లెక్కలు పట్టుకుని ఒక సంస్థ తేల్చింది. మనం ఛాతీ విరుచుకున్నాం. విరుచుకోవాల్సిందే. కానీ ఆ పెరిగిన భాషలో "అమ్మా, ఇటు రండి" అని చెప్పే మనిషి ఆ గుమ్మం దగ్గర ఉన్నాడా లేడా అన్నది, చివరికి ఒక్క కొడుకు ఒక్క పార్కింగ్ టికెట్టు కొన్నాడా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. వేలకోట్ల విమానాశ్రయాలన్నీ దారి తెలిసినవాడి కోసమే కట్టారు. తెలియనివాడికి ఎదురొచ్చే మనిషే విమానాశ్రయం.

అందుకని అవతల ఉన్న పిల్లలకు ఒక మాట. సెల్‌ఫోన్ లాటు మీ స్నేహితుల కోసం ఉంచుకోండి. అమ్మానాన్నలు దిగేరోజు మాత్రం నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే, ఏ టెర్మినలో ముందే చూసుకుని, కారు దాని పార్కింగ్‌లో పెట్టి, గుమ్మం దగ్గరికి నడిచి వెళ్ళి నిలబడండి. ఇవతల ఉన్న పెద్దలకు ఇంకో మాట. డల్లాస్‌లో కారు తోలేవాడికి పాల్వంచ నుంచి దారి చెప్పకండి. ఆ ఓపిక కాస్త ముందురోజే వాడండి. పెట్టెలోంచి గసగసాలు, బియ్యం, కోడి పచ్చడి తీసేయండి. ఒక తెల్లకాగితం మీద పిల్లవాడి పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, వేసుకునే మందుల పేర్లు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయించి, పెట్టెలో కాదు, అమ్మ చేతి సంచిలో పెట్టండి. ఆ కాగితం చూపిస్తే ఫోన్ చేసిపెట్టే మనిషి ఏ దేశంలోనైనా ఒకడు దొరుకుతాడు.