దాచుకోవడానికి ఏముంది?

కొత్తపట్నం వాస్తవ్యులకూ, ఒంగోలు నుంచి ఆదివారం బీచికొచ్చేవారికీ పనికొచ్చే చిట్కాలివి.

ఆధార్ జిరాక్సు ఒక్కటి అడిగితే అయిదు తీయించండి. సరిగా పడనివి షాపులోనే వదిలేసి రండి. సాయంత్రం మిరపకాయ బజ్జీ పొట్లం విప్పితే ఎవరిదో మొహం, దాని కింద పన్నెండంకెలూ నూనెలో నిగనిగలాడుతుంటాయి. చదువుకుంటూ తినండి.

వేలిముద్ర ఎవరడిగితే వాళ్లకి వేయండి. ఎందుకనడం మర్యాద కాదు. 2019 ఆగస్టు నుంచి యాభై ఇళ్లకో సర్కారు వాలంటీరు వచ్చి మన వివరాలు రాసుకెళ్లారు. ఇప్పుడు వాళ్లు రావడం లేదు. రాసుకెళ్లింది ఎక్కడుందని ఆరా తీయకండి, పాపం ఎవరికో పని పెట్టినట్టవుతుంది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో తేల్చింది. తీర్పుకి పటం కట్టించండి, వాడకండి. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. కంపెనీ తప్పుచేస్తే 250 కోట్ల దాకా జరిమానా. దేశభద్రత పేరు చెప్పి కేంద్రం తన సంస్థలకు ఒక్క నోటిఫికేషన్‌తో మినహాయింపు ఇచ్చుకోవచ్చు. మీరు ఉత్తుత్తి ఫిర్యాదు చేశారో, పదివేల దాకా మీకే పడుతుంది.

ఫోను వింటారని బెంగా? హోంశాఖ కార్యదర్శి సంతకం పెడితే 60 రోజులు వినొచ్చు, పొడిగిస్తూ 180 దాకా. ఆ సంతకం సబబేనా అని చూసేదీ కార్యదర్శుల కమిటీయే. అందులో జడ్జి ఉండరు, అంతా ఇంటివాళ్లే. తెలంగాణ ఇంటెలిజెన్సులో నిఘా సమాచారమున్న హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో కేసు పెట్టారు. అదే నిజమైతే, మీ గుట్టు కాపాడటానికి అంతకన్నా ఏం చేస్తారు?

అసలు ప్రభుత్వాన్ని కష్టపెట్టే అలవాటు మన ఊరికి పాతది. 1937 వేసవిలో ఇక్కడ రాజకీయ పాఠశాల పెడితే సర్కారు నిషేధించింది, పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఎవరొచ్చారో, ఏం మాట్లాడారో తెలియాలంటే అప్పట్లో ఈ ఇసుకలోకి మనిషినే పంపాలి. ఇప్పుడా శ్రమ మనమే తగ్గిస్తున్నాం: అలల ముందు సెల్ఫీ, పక్కన ఎవరున్నారో ట్యాగు, కింద లొకేషను, ఇల్లు తాళం వేసుందన్న కబురుతో సహా.

చివరగా ఒక హెచ్చరిక. ఆఖరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉచితంగా దొరుకుతుంది. వేలిముద్రలకు ఆధార్ యాప్‌లో తాళం వేసుకోవచ్చు, కావాలన్నప్పుడు తీసుకోవచ్చు. రెండింటి జోలికీ పోకండి.