మేఘాల్లో మంచం

వ్యాన్‌లో మంచం, పొయ్యి, మరుగుదొడ్డి పెట్టించి, పైన సోలార్ ప్యానెల్ బిగించి ఓ కొత్త క్యాంపర్ దొర పాడేరు ఘాట్ ఎక్కాడు, వంజంగి మేఘాలు చూడ్డానికట! ఎండ లేని చోటు వెతుక్కుంటూ వచ్చి, బ్యాటరీ నిండలేదని పొగమంచును తిడితే ఎలా? దిగేటప్పుడు రెండో గేరు ఊసే మరిచి బ్రేకు మీదే కాలు. మాడిన వాసనొస్తే "ఇక్కడ కాఫీ గింజలు వేయిస్తున్నారా?" అన్నాడు! మరుగుదొడ్డి ట్యాంకు ఎక్కడ పారబోయాలో మాత్రం ఎవర్నీ అడగలేదు. గెడ్డ కనబడింది, ఒంపేశాడు. దిగువ గూడెం తాగేది ఆ నీళ్లే. పాడేరు జిల్లా కేంద్రమైంది 2022లో. అయినా దారి లేని గూడేల రోగులు ఇంకా డోలీల్లోనే దిగుతున్నారు. దొరగారి మంచం ఒక్కపూట అద్దెకిస్తారేమో, కాస్త కనుక్కోండి.