అవుటింగుల పేరయ్య

పెళ్లిళ్ల పేరయ్యలకి గిరాకీ తగ్గి చాలా కాలమైంది. సంబంధాలు వెబ్‌సైట్లు చూస్తున్నాయి, ముహూర్తాలు ఫంక్షన్‌హాలు ఖాళీని బట్టి కుదురుతున్నాయి. అయినా ఆ వంశం అంతరించిపోలేదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అంతస్తుకొకడు చొప్పున ఇంకా వర్ధిల్లుతూనే ఉంది. చంకలో జాతకాల కట్ట పోయి ఎక్సెల్ షీటు వచ్చింది, అంతే తేడా. టీముకీ వినోదానికీ సంబంధం కుదర్చడం ఇతని అసలు పని. జీతం మాత్రం కోడు రాస్తున్నందుకు ఇస్తారు.

ఇతణ్ణి ఎవరూ నియమించరు. మే నెల మధ్యాహ్నం కాఫీ మెషిన్ దగ్గర ఎవరో "ఎటైనా పోదామా" అంటారు. అందరూ తలతిప్పి ఇతని వైపు చూస్తారు. ఇతను "అబ్బే, ఈసారి నన్ను వదిలెయ్యండి" అంటూనే ఫోన్ తీసి పోల్ పెట్టేస్తాడు. రామోజీ ఫిల్మ్‌సిటీ అంటే రోజంతా పోతుందంటారు. వండర్‌లా అంటే తడవాలంటారు. మొయినాబాద్ రిసార్టు అంటే "మళ్లీనా!" అంటారు. బౌలింగంటే మేనేజరుగారికి భుజం నొప్పి. మిగిలింది ఎస్కేప్ రూము. ఎండాకాలం హైదరాబాదులో ఏసీ ఉంటే చాలు, ఏ గదిలో పెట్టి తాళం వేసినా జనం కాదనరు.

"లోపల పెట్టి తాళమేస్తరు, దానికి మనమే పైసలియ్యాల్నా అన్నా?" అంటాడు వరంగల్ కుర్రాడు.

పేరయ్య ఇలాంటి ప్రశ్న కోసమే బతుకుతుంటాడు. 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడనీ, కంప్యూటర్ తెరమీద ఆడే 'గదిలోంచి బయటపడు' ఆటల్ని చూసి, నిజం మనుషులతో ఎందుకు ఆడించకూడదని ఆయనకి తోచిందనీ, 2011లో బుడాపెస్ట్‌లో పారాపార్క్ తెరిచాక ఐరోపాలో కూడా ఊపందుకుందనీ, ఏకబిగిన చెప్పుకుపోతాడు. ఆధారాలు వెతకాలి, ఒక పజిల్ విప్పితే ఇంకో తాళం నంబరు దొరుకుతుంది, అరవై నిమిషాల్లో తలుపు తెరుచుకుని బయటికి రావాలి. అంతా విన్నాక మేనేజరుగారు "బాగుంది. పార్కింగ్ ఉందా?" అంటారు.

సంబంధం ఖాయమైనట్టే. ఇక పిల్లల్ని చూడాలి. అంటే, ఏ గది?

దెయ్యాల కొంప ఉంది. యూత్ అంతా దానికే ఓటు. టెస్టింగ్ మేడమ్ మాత్రం క్యాలెండర్ తిరగేసి, ఆ శనివారం సరిగ్గా అమావాస్య అని తేల్చారు. జైలు నుంచి పారిపోయే గది ఉంది. అందులో మొదట్లోనే ఇద్దరిద్దరికి కలిపి బేడీలు వేస్తారట. మేనేజరుగారితో కలిపి బేడీ ఎవరికి వెయ్యాలనే ప్రశ్న దగ్గర ఆ సంబంధం చెడింది. బ్యాంకు దోపిడీ గది అందరికీ నచ్చింది, ఎవరో "మన క్లయింటు బ్యాంకే కదా, ఫొటోలు లింక్డిన్‌లో పెడితే బాగుంటుందా?" అని గుర్తుచేసేదాకా. ఈ గొడవంతటికీ దూరంగా "నాకు ఏదైనా ఓకే" అనేవాళ్లు ముగ్గురు ఉంటారు. వీళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. ఫలానాదని పేరు చెప్పనంత వరకే వీళ్లకి ఏదైనా ఓకే.

చివరికి మాయమైన శాస్త్రవేత్త ప్రయోగశాల ఖాయమైంది. అది ఎవరికీ నచ్చలేదు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక్కడిదాకా చూసి ఇతణ్ణి వట్టి హడావుడి మనిషనుకుంటే పొరపాటు. అడ్వాన్సు కట్టే ముందు పేరయ్య ఆ గదివాళ్లకి ఫోన్ చేసి మాట్లాడేది వినాలి.

"ఎనిమిది మంది వరకూ అని రాశారు. పట్టేది ఎనిమిది మందా, ఆడేది ఎనిమిది మందా?"

అవతల మౌనం.

"పజిల్స్ ఒకదాని తర్వాత ఒకటా, ఒకేసారి రెండు మూడు చోట్ల నడుస్తాయా?"

ఇది అనుభవం మీద పుట్టిన ప్రశ్న. వరసగా ఒకటి విప్పితే గానీ ఇంకోటి కదలని గదిలో ఎనిమిది మందిని వదిలితే, ఇద్దరు తాళం మీద వంగుతారు, ఇద్దరు వాళ్ల భుజాల మీంచి తొంగిచూస్తారు, మిగతా నలుగురూ గోడకి చేరబడి ఇంటి లోన్ల సంగతి మాట్లాడుకుంటారు. అదే ఒకేసారి నాలుగు మూలలా పని దొరికే గదైతే అందరి చేతికీ ఏదో ఒకటి ఉంటుంది. పదకొండు మంది టీమును అందుకే ఇతను రెండు గదులకి విడగొడతాడు. డబ్బు కాస్త ఎక్కువవుతుంది. హెచ్ఆర్‌కి 'టీమ్ బిల్డింగ్' అని రాస్తే అది వాళ్లే చూసుకుంటారు.

"మా వాళ్లు కాక బయటివాళ్లని కలుపుతారా? కరెంటు పోతే?"

కరెంటు పోతే అయస్కాంతంతో పట్టి ఉంచే తలుపులు వాటంతటవే విడిపోతాయి సార్, అంటాడు అవతలి కుర్రాడు. "నిప్పంటుకుంటే?" అని పేరయ్య అడిగేటప్పుడు మాత్రం గొంతులో వేళాకోళం ఉండదు. 2019 జనవరిలో పోలండ్‌లోని కోషాలిన్ అనే ఊళ్లో ఇలాంటి గదిలోనే, పుట్టినరోజు చేసుకోవడానికి వెళ్లిన పదిహేనేళ్ల ఆడపిల్లలు అయిదుగురు అగ్నిప్రమాదంలో బయటికి రాలేక చనిపోయారు. లోపలివాళ్లు తమంతట తాము తెరుచుకోగల తలుపు ఉందా, ఆ మీట ఎక్కడుంది, ఆటని కెమెరాల్లో కనిపెట్టి చూసే గేమ్ మాస్టర్ తెర ముందు నుంచి లేస్తాడా, ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా ఇతను పైసా కట్టడు. ఈ సంగతి టీములో ఎవరికీ తెలియదు, ఇతను చెప్పడు కూడా.

తర్వాత జాతకాలు. ఎవర్ని ఎవరితో వెయ్యాలి? పోయిన వారమే కోడ్ రివ్యూలో కొట్టుకున్న ఇద్దర్నీ ఒకే గదిలో వేస్తే రాజీ పడతారని హెచ్ఆర్ సిద్ధాంతం. అరవై నిమిషాలూ అదే రివ్యూ మళ్లీ నడుస్తుందని పేరయ్య అనుభవం. ఇంతకుముందు ఇదే గది ఆడి వచ్చినవాడు ఒకడుంటాడు. "నేనేం చెప్పను" అంటూనే తెరవాల్సిన సొరుగు ముందే కాచుకుని నిలబడతాడు. ఇంకొకాయనకి స్క్రూ కనబడితే విప్పాలి. ఇలాంటి గదుల్లో దేన్నీ రెండు వేళ్ల బలం కంటే ఎక్కువ పెట్టి లాగొద్దని నియమం. ఆ నియమం ఈయన్ని చూసే పెట్టి ఉంటారు. 'ఇది ఆటలో భాగం కాదు' అని స్టిక్కరు అంటించిన స్విచ్‌బోర్డే ఆటకి కీలకమని ఈయన గట్టి నమ్మకం.

శనివారం నాలుగింటికి స్లాట్. పేరయ్య అందరికీ మూడింటికని చెబుతాడు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా, ఇది అందులో మొదటిది. ఉప్పల్ బృందం, మియాపూర్ బృందం అమీర్‌పేట మెట్రోలో కలుసుకుని రాయదుర్గం వైపు రావాలని పథకం. మూడుంబావుకి ఫోన్ చేస్తే "దారిలో ఉన్నాం" అంటారు, వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తుంటుంది.

ఎలాగో చేరతారు. సెల్‌ఫోన్లు లాకర్లో పెట్టమనగానే సగంమంది ముఖాలు మాడిపోతాయి. గదిలో బంధించడం కంటే అదే పెద్ద శిక్షలా ఉంది. తలుపు పడుతుంది. పేరయ్య మాత్రం లోపలికి వెళ్లడు. "ఎవరైనా బ్యాగులు చూసుకోవాలి కదా" అంటాడు. ఏళ్ల తరబడి ఇదే మాట. నిజానికి ఇతనికి ఆ గదుల మీద ఆసక్తి లేదు. గేమ్ మాస్టర్ పక్కన స్టూలేసుకుని కెమెరాల్లో మనుషుల్ని చూడ్డమే ఇతని సినిమా.

ఆ తెరమీద మేనేజరుగారు చిన్న తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని, "కీ ఎవరికైనా దొరికిందా?" అని అయిదు నిమిషాలుగా అడుగుతున్నారు. స్క్రూలాయన బల్లకింద దూరాడు. మూల ఒక పెట్టె, దానికి మూడంకెల తాళం. కొత్తగా చేరిన అమ్మాయి "మూడు నలభై" అంది. ఎవరూ వినలేదు. మళ్లీ అంది. మూడోసారి ఆమె పక్కనున్న సీనియర్ గట్టిగా "త్రీ ఫోర్ జీరో ట్రై చెయ్యండి!" అని అరిచాడు. తాళం ఊడింది. అందరూ అతని వీపు తట్టారు.

"రోజూ ఇంతే సార్" అన్నాడు గేమ్ మాస్టర్, కళ్లు తెర మీంచి తిప్పకుండా.

ఇంకా రెండు నిమిషాలుండగానే తలుపు తెరుచుకుంది. పలకలు పట్టుకుని ఫొటోలు దిగారు. "చూశావా, ఆ నంబరు మావాడు ఎలా పట్టాడో!" అన్నారు మేనేజరుగారు. "చూశాను సార్, అందరూ బాగా ఆడారు" అన్నాడు పేరయ్య.

బిర్యానీ దగ్గర మాత్రం ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడు నలభై అని ఎలా పట్టావమ్మా?"

"గోడ గడియారం మూడు నలభై దగ్గర ఆగిపోయి ఉంది కదండీ. పని చెయ్యనిదాన్ని ఊరికే అంత ఎత్తున ఎవరు పెడతారు?"

పేరయ్య బల్ల చివర కూర్చున్న మేనేజరుగారి వైపు ఒకసారి చూసి, మిర్చి కా సాలన్ గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.