నేను తోటింటి తాళంచెవిని

నేను ఇత్తడి తాళంచెవిని. కొల్లాపూర్ నుంచి సోమశిల పోయే దారిలో, ఎర్ర చల్క నేలలో వేసిన మామిడితోట నడుమ రెండు గదుల ఇల్లుంది. దాని తలుపు నాతోనే తెరుచుకుంటుంది. వరండాలో నిలబడితే శ్రీశైలం జలాశయంలో నిలిచిన కృష్ణమ్మ కనిపిస్తుంది. ఈ ఊళ్లు ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లావి, 2016 అక్టోబరు నుంచి నాగర్‌కర్నూల్ జిల్లావి.

మా సారుది హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవులకు వచ్చి ఉండొచ్చని బ్యాంకు అప్పుతో ఈ ఇల్లు కట్టుకున్నారు. ఉండేది ఏడాదిలో కొన్నాళ్లే కాబట్టి, వారాంతాల్లో వచ్చేవాళ్లకు అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి నా బతుకు మూడు చోట్ల గడుస్తోంది: సారు జేబులో, అద్దెకు దిగినవాళ్ల చేతిలో, కాపలా ఉండే పెద్దాయన గుడిసెలో మోటరు స్టార్టర్ డబ్బా పక్కన కొట్టిన మేకు మీద. నేను ఏ రాత్రి ఎక్కడ ఉన్నానన్నది పన్ను లెక్కను మార్చేస్తుందని ఒక మార్చి నెలలో తెలిసింది.

ఆ రోజు ఆడిటరు గారు తోటకు వచ్చారు. అమెరికా నుంచి వచ్చిన సారు బావమరిది కూడా ఉన్నాడు. "మా దగ్గర ఏడాదికి పదిహేను రోజుల లోపు అద్దెకిస్తే ఆ డబ్బు లెక్కలో చూపక్కర్లేదు బావా" అన్నాడు. అక్కడి చట్టం అంతే. "ఇక్కడ ఆ వెసులుబాటు లేదండీ" అన్నారు ఆడిటరు గారు.

"మామిడి డబ్బుకు పన్ను లేదు కదా, ఇల్లూ ఆ తోటలోదే" అన్నారు సారు. పంట డబ్బు వ్యవసాయ ఆదాయమే. సేద్యం కోసం రైతు ఉండే ఇల్లు, సామాను దాచుకునే కొట్టం కూడా ఆ లెక్కలోకి వస్తాయి. కానీ అదే ఇంటిని వేరేవాళ్లకు అద్దెకిస్తే ఆ సొమ్ము వ్యవసాయ ఆదాయం కాదని 2000 నాటి ఫైనాన్స్ చట్టం తేల్చేసింది. ఒకే కంచె లోపల కాయ డబ్బు వేరు, గది డబ్బు వేరు.

సొంతానికి ఉంచుకున్న ఇళ్లకు, రెండింటి దాకా, వార్షిక విలువ సున్నా వేసుకోవచ్చు. ఏడాదిలో కొన్ని రోజులు అద్దెకిచ్చినా సరే, ఆ ఏడాదికి ఆ ఇల్లు ఈ కోవలోంచి జారిపోతుంది. ఏడాది పొడుగునా రాదగిన అద్దె ఎంత, నిజంగా వచ్చింది ఎంత అని చూసి, ఎక్కువైనది తీసుకుంటారు. అద్దెకు పెట్టినా మనుషులు రాక ఇల్లు ఖాళీగా ఉండి రాబడి తగ్గితే, ఆ తగ్గుదలను చట్టం ఒప్పుకుంటుంది. యజమాని వచ్చి ఉన్న రోజులు మాత్రం ఖాళీ కిందికి రావు. నేను మేకుకు వేలాడిన రాత్రికీ, సారు జేబులో ఉన్న రాత్రికీ తేడా అదే.

పెద్దాయన నోటుబుక్కు తెచ్చాడు. వచ్చినవాళ్ల పేర్లు, తేదీలు, ఇచ్చిన డబ్బు వరసగా ఉన్నాయి. సారు జనవరి పేజీ మీద వేలు పెట్టి "ఇవి ఖాళీ రోజులే" అన్నారు.

"ఖాళీ యాడిది సారూ? సంక్రాంతికి మీరే ఉంటిరి గదా" అన్నాడు పెద్దాయన.

ఆడిటరు గారు ఆ రోజులను విడిగా రాసుకుని మిగతా లెక్క విప్పి చెప్పారు. ఉదాహరణకు అద్దె 1,50,000 రూపాయలనుకుందాం. గ్రామ పంచాయతీకి ఆ ఏడాది నిజంగా కట్టిన ఇంటి పన్ను 3,000 తీసేస్తే 1,47,000. అందులో 30 శాతం, అంటే 44,100, నేరుగా మినహాయింపు. మిగిలింది 1,02,900. అప్పు మీద వడ్డీ 2,60,000 అయితే ఇంటి మీద 1,57,100 నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా ఇలాంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. అంతకు మించింది ఎనిమిదేళ్ల దాకా ఇంటి ఆదాయంలో సర్దుకోవచ్చు. కొత్త విధానం ఎంచుకుంటే జీతంలోంచి తగ్గించడం కుదరదు. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చినా, ఆ 30 శాతం, అద్దె ఇంటికి వడ్డీ మినహాయింపు అలాగే ఉన్నాయి.

"మరి సున్నం, మోటరు రిపేరు, పెద్దాయన జీతం?" అని సారు అడిగారు. అవన్నీ ఆ 30 శాతంలోనే కలిసిపోయాయి. విడిగా రాయడానికి లేదు, రశీదులూ అడగరు.

నాకు నచ్చింది ఆ మాటే. రశీదు అడగనంత మాత్రాన ఆ సొమ్ము ఊరికే మిగిలిందనుకోకూడదు. ఇంటి మరమ్మతులకు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి అయ్యే ఖర్చు కింద చట్టం దాన్ని వదిలిపెట్టింది. మూడు చోట్ల తిరిగే నన్ను పోనివ్వకుండా కాపాడిందీ, ఏ రోజు ఎవరున్నారో ఆ రోజే రాసిందీ పెద్దాయన. రేపు ఎవరైనా అడిగితే సారు చూపించేది ఆయన రాతనే. మినహాయింపు తీసుకునే ప్రతి యజమానీ అందులోంచి ముందు కాపలా మనిషి జీతం నెలనెలా సరిగ్గా ఇవ్వాలి, ఆ తర్వాతే మిగులు చూసుకోవాలి.