నాలుగు వాట్ల బాకా

నా మీదున్న పేరుపలక ఎప్పుడో ఊడిపోయింది. అందుకే నన్ను చూసినవాళ్లు అహూజా అని కొందరు, చికాగో రేడియో అని కొందరు వాదించుకుంటారు. చికాగో అంటే అమెరికా అనుకునేరు, అది బొంబాయిలో మోత్వానీల కంపెనీ. గాంధీ, నెహ్రూల పాత ఫొటోల్లో మైకు మీద ఆ పేరే కనిపిస్తుంది. నేను ఆ ఇంటి బిడ్డనో కాదో నాకే తెలీదు గానీ, ఎవరైనా అలా అంటే మాత్రం కాదనను.

అల్యూమినియం రేకు బాకా, దాని వెనక యూనిట్. యూనిట్‌లో అయస్కాంతం, సన్నటి తీగ చుట్టిన కాయిల్, దానికి అంటిన డయాఫ్రం. నా ఆస్తంతా ఇదే. శబ్దం లోపలి గొట్టంలో ముందుకెళ్లి, వెనక్కి మళ్లి, మళ్లీ ముందుకొస్తుంది. బారెడు బాకాను మూరెడులో మడిచారన్నమాట. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 105 డెసిబెల్స్ మోగుతాను. ఇళ్లలో పెట్టుకునే ఇప్పటి స్పీకర్లు అదే వాటుకు 85, 90 దగ్గర ఆగిపోతాయి. మా గొప్ప కాదు, వాల్వు ఆంప్లిఫయర్ల కాలంలో వాటు అంటే ఖరీదు. ఉన్న కొద్దిపాటి కరెంటుతోనే ఊరంతా వినపడాలి కాబట్టి మమ్మల్ని అలా చేశారు.

కోలారు బంగారు గనుల ఊళ్లలో నేను పలకని సందర్భం లేదు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం అన్నీ తిరిగాను. కార్మికుల ఇళ్లలో ఒక లైనులో తమిళం, పక్క లైనులో తెలుగు, అంగట్లో కన్నడం. నాకు మూడూ వచ్చు. మారెమ్మ జాతరకు, పెళ్లికి, యూనియన్ మీటింగుకు, దేనికైనా బాడుగకు పోయేదాన్ని. షిఫ్టు సైరన్ కూసినప్పుడు మాత్రం నోరు మూసుకోవాల్సిందే.

మా యజమాని మంచివాడే. ఆయన పెట్టుకున్న కుర్రాళ్ల మీదే నాకు కోపం. నన్ను చెట్టుకు కట్టేటప్పుడు మూతి కొంచెం కిందికి వంచి కట్టాలి. ఆకాశం చూసేలా కడితే వానంతా నాలోకే. ఎంత చెప్పినా వాళ్లు ఆకాశం వైపే కట్టేవారు. ఓ పెళ్లిలో ఒకడు నూరు వోల్టుల లైనును మధ్యలో లైన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నేరుగా నా యూనిట్‌కు తగిలించాడు. పల్లవి పూర్తికాకముందే కాయిల్ కాలిపోయింది. "ఇది ఎప్పుడూ ఇంతేలే" అన్నాడు వాడు, పెళ్లివారందరి ముందూ. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన నేల. ఆ తరవాత కొన్నాళ్లు మీటింగుల్లో కార్మికులకు రావాల్సిన బాకీల గురించి, ఉంటున్న ఇళ్ల గురించి గొంతు చించుకున్నాను. మెల్లగా అవీ పలచబడ్డాయి. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్లకు మీటింగుకు తీరికెక్కడిది? పెళ్లిళ్లకు డీజే పెట్టెలొచ్చాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఉండనే ఉన్నాయి.

నన్ను పెరట్లో రేకుల కింద పడేశారు. కుమ్మరిపురుగు వచ్చి నా గొంతులో మట్టిగూడు కట్టింది. గాలి తోలిన రోజున సైనైడు దిబ్బల ధూళి వచ్చి అడుగున పేరుకునేది. ఓ ఏడు కోడి ఒకటి నాలోనే గుడ్లు పెట్టి పొదిగింది. ఆ కొన్నాళ్లూ ఇంటివాళ్లు రోజూ వచ్చి తొంగి చూసేవారు, కోడిని. పిల్లలు దిగిపోయాక ఎవరూ రాలేదు. చివరికి గుజరీ అంగడి. అక్కడ అల్యూమినియం వేరు, ఇనుము వేరు, గొంతుకు వెల లేదు. చొట్టపడ్డ కుక్కర్ల కింద నా మూతి కూడా చొట్టపడింది.

టీవీలు, ఫ్యాన్లు బాగుచేసే కుర్రాడొకడు నన్ను తూకానికే కొన్నాడు. వాళ్ల వీధిలో కోలాటం నేర్పే అక్క చిన్న మైకు సెట్టు కావాలంది. "ఎక్కడికైనా మోసుకుపోయేలా ఉండాలి తమ్ముడా, కరెంటు లేకున్నా పలకాలి."

బెంగళూరు కంటే ముందే, 1902లోనే, శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న ఊళ్లో ఆ మాట వింటే నవ్వొచ్చింది.

కొత్త డయాఫ్రం వేశాడు. గొంతులోని మట్టి గోకేశాడు. అరచేతిలో పట్టే క్లాస్-డి బోర్డు, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ తెచ్చాడు. నాది 16 ఓములు. ఆ వోల్టుల్లో నాకు దక్కేది నాలుగు వాట్లకు కాస్త ఎక్కువ, అంతే. నాకు అదే విందు.

లావు గొంతు మాత్రం నాకు రాదు. 300 హెర్ట్జ్ కిందికి దిగితే బాకాలో గాలి పట్టు తప్పి డయాఫ్రం ఊరికే కొట్టుకుంటుంది, పగిలినా పగులుతుంది. అందుకని 25 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటరు అడ్డం పెట్టి డోలు దెబ్బలు నా దాకా రాకుండా చేశాడు. వాటి కోసం పాత వాల్వు రేడియోలోంచి ఊడదీసిన ఎనిమిదంగుళాల కాగితపు స్పీకరును అదే పెట్టెలో బిగించాడు. మంచివాడే, కాస్త గొణుగుతాడు. అయితే నా ముందు వాడు వినపడటం లేదట! అందుకని నాకు రెసిస్టర్లు తగిలించి నా గొంతు తగ్గించారు. ఊరిని లేపినదాన్ని, ఒక రేడియో ముక్క కోసం తగ్గి మాట్లాడాలి.

మొదటి రోజు అక్క మైకు పట్టుకుని నా మూతి ముందుకే వచ్చింది. నా అరుపు మైకులో దూరి, మళ్లీ నాలోంచే వచ్చి, చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. "పాత సామాను, ఇంతే" అన్నారెవరో. "పెట్టె వెనక్కి రా అక్కా" అన్నాడు కుర్రాడు. కూత ఆగింది. మైదానం చివరిదాకా పదం పదం వినిపించింది. "ఎంత కమ్మగా ఉందో" అని అందరూ మెచ్చుకున్నది మాత్రం ఆ కాగితం వాణ్ణే.

బ్యాటరీ 11 వోల్టుల కిందికి దిగనివ్వద్దని కుర్రాడు పెట్టె మూతలోపల రాసి అంటించాడు. ఆ కాగితాన్ని కోలాటం పిల్లలు చదవగా నేను చూడలేదు. దానిమీద కోలలు ఆనించి పెడుతున్నారు.