పికప్ సరే, బ్రేకో?

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది 1996లో. దాని మీద మోజు మాత్రం ఆగలేదు. కంపెనీ ఇచ్చిన 98 సీసీ, 11 హార్స్‌పవర్ మన కుర్రాళ్లకు ఆనలేదు. ఆర్‌ఎక్స్ 135 ఇంజిను బిగించి, కార్బొరేటర్ జెట్టు మార్చి, సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసి, నీలిపొగతో వీధంతా లేపుతున్నారు. పికప్ అదిరింది, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు మాత్రం తాతగారి నాటివే! ఆర్‌సీలో ఇంజిను నంబరు ఒకటి, బండి మీద ఇంకొకటి. ఇలాంటి సొంత పైత్యానికి మోటారు వాహనాల చట్టం ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ రాసిపెట్టింది. తమ్ముళ్లూ, ముందు ఆర్టీవో అనుమతి, తర్వాత బ్రేకులు. పరుగు సంగతి ఆపైన చూద్దాం!